బలవంతుడిని ఎవరు పోషిస్తారు?

ఉడికిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 130 కేలరీలు ఉంటాయి. రోజుకు 8000 కేలరీలు కావలసిన మనిషి ఉత్త అన్నంతోనే ఆ లెక్క నింపాలంటే ఆరు కిలోల పైన తినాలి. అది ఎవరి వల్లా అయ్యే పని కాదు. అందుకే మాంసం, గుడ్లు, నెయ్యి, పాలు, పల్లీలు, అరటిపండ్లు, ప్రొటీన్ పౌడరు అన్నీ కలిపి ఐదారు పూటలుగా తింటారు. భారీ బరువులు ఎత్తి, మోసి, లాగే ప్రపంచస్థాయి స్ట్రాంగ్‌మ్యాన్ పోటీల్లో దిగేవాళ్లు తమ తిండి 8000 నుంచి 12000 కేలరీల దాకా ఉంటుందని చెబుతుంటారు. పెళ్లి పంక్తిలో పందెం కట్టి లడ్డూలు తిన్నట్టు ఒక్క పూటతో అయిపోయే పని కాదిది. పదేళ్లకు పైగా, ఆకలి ఉన్నా లేకపోయినా, జ్వరం తగ్గిన మర్నాడు కూడా తినాలి. ఈ ఆటలో బరువులెత్తడం కంటే తినడమే కష్టమనేవాళ్లు చాలామంది.

తెలుగులో పోషణ అన్న మాట రెండు రకాలుగా వాడతాం. ఒంటికి అందే తిండి పోషణే. ఒకరి ఖర్చులు ఇంకొకరు భరించి నిలబెట్టడమూ పోషణే. స్ట్రాంగ్‌మ్యాన్ కెరీర్ ఎలా మొదలవుతుంది, ఎందుకు ఆగిపోతుంది అన్నది ఈ రెండర్థాల మధ్యే తేలుతుంది. హైదరాబాద్‌లో బలవంతులకు ఏ కాలంలోనూ కొదవ లేదు. వాళ్లను పోషించే చెయ్యి మాత్రం మారుతూ వచ్చింది. ఇప్పుడు ఆ చెయ్యి ఎవరిదో తెలియకపోవడమే అసలు చిక్కు.

పాతబస్తీలో కుస్తీ నేర్పే తాలింఖానాల సంగతి చూద్దాం. మట్టి తవ్వి మెత్తగా చేసిన గోదా, పక్కన గదలు, గోడకు హనుమంతుడి పటమో, వస్తాదు ఫొటోనో. తెల్లవారకముందే దండీలు, బస్కీలు. నిజాం సైన్యంలోని అరబ్బులు ఉన్న బ్యారక్‌ల వల్ల పేరొచ్చిన బార్కస్‌లో పహిల్వాన్‌ అన్న మాటకు ఇప్పటికీ గౌరవం ఉంది. సంస్థానాల కాలంలో పహిల్వాన్‌కు పాలు, బాదం, నెయ్యి, మాంసం రాజు ఇంటి నుంచో జాగీర్దారు ఇంటి నుంచో వచ్చేవి. ప్రసిద్ధ మల్లయోధుడు గామా పహిల్వాన్‌ను పటియాలా మహారాజు అలాగే పోషించాడు. బదులుగా పహిల్వాన్ సంస్థానం పేరు నిలబెట్టేవాడు. సంస్థానాలు పోయాక ఆ ఏర్పాటు కూలిపోయింది. తాలింఖానా మిగిలింది, తిండి ఖర్చు మాత్రం ఇంటిమీద పడింది.

తెలుగువాళ్లకు ఈ విషయంలో మరో పెద్ద ఉదాహరణ కోడి రామమూర్తి నాయుడు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టి, విజయనగరం చేరి, సొంత సర్కస్ కంపెనీ నడిపిన మనిషి. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచడం, రెండు వైపులా కదలబోయే కార్లను తాళ్లతో పట్టి ఆపడం, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం ఆయన ప్రదర్శనలో భాగాలు. కలియుగ భీముడన్నారు. ఆయన్ను పోషించింది ఒక్క రాజు కాదు. టికెట్ కొని డేరాలోకి వచ్చిన జనం. ప్రొఫెషనల్ అన్న మాటకు ఈ రోజు మనం ఇచ్చే అర్థంలో చూస్తే తెలుగునేల మీద ఆయనే తొలి ప్రొఫెషనల్ స్ట్రాంగ్‌మ్యాన్ అనడంలో తప్పులేదు. చివరి రోజుల్లో కాలు తీసేయాల్సి వచ్చింది. 1942లో ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశాడు. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరుంది. పేరు చాలామందికి తెలుసు, బతుకు ఎలా గడిచిందన్నది కొద్దిమందికే తెలుసు.

ఆ డేరా స్థానంలోకి టీవీ వచ్చింది. 1977లో కాలిఫోర్నియాలోని యూనివర్సల్ స్టూడియోస్‌లో ‘వరల్డ్స్ స్ట్రాంగెస్ట్ మ్యాన్’ పోటీ మొదటిసారి జరిగింది. వెయిట్‌లిఫ్టర్ బ్రూస్ విల్‌హెల్మ్ గెలిచాడు. అందులో ఫ్రిజ్‌ను వీపున కట్టుకుని పరుగెత్తే పందెం ఒకటుంది. బాడీబిల్డర్ ఫ్రాంకో కొలంబు ఆ పందెంలో పడి మోకాలు ఘోరంగా దెబ్బతీసుకున్నాడు. ఆ దృశ్యం కూడా టీవీలో వచ్చింది. మొదటి ఏడాదే ఈ ఆట స్వభావం తేటతెల్లమైంది. ఇది ఏ ఒలింపిక్ సంఘమో పెట్టిన క్రీడ కాదు, టీవీ కోసం కట్టిన పోటీ. అందుకే ఇప్పటికీ దీనికి అందరూ ఒప్పుకున్న ఒకే ప్రపంచ సమాఖ్య లేదు. జాతీయ జట్టు, సెలక్షన్ ట్రయల్స్, పెన్షన్ లాంటివేవీ ఉండవు. ఆహ్వానం రావాలి, లేదా అర్హత పోటీలో గెలవాలి.

పోటీలో ఏముంటుందో తెలిస్తేగానీ కెరీర్ లెక్క అర్థం కాదు. రెండు చేతులా బరువులు పట్టుకుని నడిచే ఫార్మర్స్ వాక్, భుజాల మీద ఇనుప చట్రం మోసే యోక్, దుంగలాంటి గొట్టాన్ని తలపైకెత్తే లాగ్ లిఫ్ట్, నేల మీది బరువును నిటారుగా నిలబడేదాకా ఎత్తే డెడ్‌లిఫ్ట్, లారీ లాగడం, చివర్లో అట్లస్ స్టోన్స్ అనే గుండ్లు. 160 కిలోల కాంక్రీటు గుండు అడ్డంగా దాదాపు అర మీటరు ఉంటుంది. పట్టుకోవడానికి పిడి ఉండదు. చేతులకు జిగురు రాసుకుని, ఒడిలోకి లాక్కుని, ఛాతీకి అదిమి, నడుము విదిల్చి దిమ్మె మీదకు ఎక్కించాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు పండగల్లో సంగిడి రాళ్లెత్తడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఐస్‌లాండ్‌లో 186 కిలోల హూసఫెల్ రాయి, స్కాట్లాండ్‌లో రెండూ కలిపి 332 కిలోలు దాటే డిన్నీ రాళ్లు కూడా అలాంటి పల్లె అలవాట్ల నుంచి వచ్చినవే. వాళ్ల రాళ్లకు టీవీ దొరికింది. మన రాళ్లు జాతర దాటలేదు.

లారీ లాగడం చూసేవాళ్లకు అన్నిటికంటే అసాధ్యంగా కనిపిస్తుంది. నిజానికి చదునైన మంచి రోడ్డు మీద చక్రాలు ఒకసారి తిరగడం మొదలైతే, వాటిని తిరుగుతూ ఉంచడానికి బండి బరువులో ఒక శాతం దగ్గర్లో బలం చాలు. పది టన్నుల లారీకి అది సుమారు 100 కిలోల లాగుడు. మొదటి కదలికకు మాత్రం అంతకంటే చాలా ఎక్కువ కావాలి, అక్కడే చాలామంది ఆగిపోతారు. రోడ్డు నూరు మీటర్లకు ఒక్క మీటరు ఎత్తు పెరిగినా ఇంకో 100 కిలోలు అదనంగా పడతాయి. బంజారాహిల్స్ ఎగువ రోడ్ల మీద ఇదే లారీ ఎవరికీ లొంగదు. అందుకే ఈ ఆట తెలిసినవాళ్లు లారీ ఎన్ని టన్నులని అడిగేముందు రోడ్డు ఎలా ఉందని అడుగుతారు. సోషల్ మీడియాలో బస్సు లాగిన వీడియో చూసి ఎవరినైనా ప్రపంచస్థాయి అనేయడం తొందరపాటు.

పాయింట్ల పద్ధతి కూడా కెరీర్‌ను మలుస్తుంది. పదిమంది ఫైనల్లో ఒక అంశంలో మొదటివాడికి 10, చివరివాడికి 1. రెండు అంశాల్లో మొదటి స్థానం, మూడోదానిలో చివరి స్థానం వస్తే మొత్తం 21. మూడింటిలోనూ మూడో స్థానమే వచ్చినవాడికి 24. ఒక్క బలమైన అంశం ఉన్నవాడికంటే బలహీనత లేనివాడికే పదేళ్ల కెరీర్ దొరుకుతుంది. దీనికి ఎదురు దారి కూడా ఒకటుంది. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో నుంచి వచ్చి ఐరన్ బిబీ పేరుతో పోటీపడే ఆటగాడు 2021లో గ్లాస్గోలో 229 కిలోల లాగ్ ఎత్తి, లిథువేనియా దిగ్గజం జిద్రూనాస్ సావిట్స్‌కాస్ పేరున్న 228 కిలోల రికార్డును దాటాడు. ఒక్క అంశంలో ప్రపంచంలో అందరికంటే ముందుంటే, ఈ ఆట ఆనవాళ్లే లేని దేశం నుంచి వచ్చినా పిలుపు వస్తుందని ఆయన చూపించాడు. హైదరాబాద్ కుర్రాడికి అమెరికా, ఐస్‌లాండ్ ఆటగాళ్ల కథల కంటే ఆయన కథ ఎక్కువ పనికొస్తుంది.

కెరీర్ ఎంత పెళుసైనదో సావిట్స్‌కాస్ జీవితంలో కనిపిస్తుంది. 2001లో ఫారో దీవుల్లో ఒక పోటీలో జారిపడి రెండు మోకాళ్ల స్నాయువులూ తెగిపోయాయి. చాలామందికి ఆట అక్కడితో ముగిసేది. ఆయన మరుసటి ఏడాదే వరల్డ్స్ స్ట్రాంగెస్ట్ మ్యాన్‌లో రెండో స్థానంలో నిలిచాడు. 2003లోనూ, 2004లోనూ రెండోదే. ఆ తర్వాత నిర్వాహక సంస్థల గొడవ వచ్చింది. ఒక సంస్థతో ఒప్పందం ఉన్నవాళ్లకు ఇంకో సంస్థ పోటీలో చోటు లేకపోయింది. మంచి వయసులో కొన్నేళ్లు అలా పోయాయి. మొదటి ప్రపంచ టైటిల్ 2009లో, 34 ఏళ్ల వయసులో వచ్చింది. మొత్తం నాలుగు గెలిచాడు. కండ ఎంత ఉన్నా, పోటీని నడిపించేవాడి కాగితం మీద సంతకం చేయాల్సిందే. ఇక్కడ పోషకుడు టీవీ కంపెనీ, వాళ్ల షరతులే షరతులు.

ఇప్పుడు చేతిలోని ఫోనే పోషకుడయ్యింది. 2016లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో బ్రిటన్ ఆటగాడు ఎడ్డీ హాల్ 500 కిలోల డెడ్‌లిఫ్ట్ చేశాడు. ముక్కు నుంచి రక్తం కారింది, స్పృహ తప్పింది. ఆయన అంతకు ముందు లారీల మెకానిక్. 2017లో ప్రపంచ టైటిల్ కూడా గెలిచి, ఆ పోటీ నుంచి తప్పుకున్నాడు. ఐస్‌లాండ్‌కు చెందిన హాఫ్‌థోర్ బ్యోర్న్‌సన్ 2020 మే 2న తన జిమ్‌లోనే 501 ఎత్తాడు. కోవిడ్ వల్ల ప్రేక్షకులు లేరు, ప్రపంచమంతా స్క్రీన్ మీద చూసింది. 2025లో ఆయనే 510కి చేరాడు. ఆ 501 మీద హాల్‌కూ ఆయనకూ మాటల యుద్ధం నడిచి, 2022లో దుబాయ్‌లో బాక్సింగ్ పోటీదాకా వెళ్లింది. ఇద్దరికీ పేరు తెచ్చింది బరువులు. ఆ పేరును సంపాదనగా మార్చింది మాత్రం వీడియోలు, స్పాన్సర్లు, బట్టల బ్రాండ్లు, ఇలాంటి ప్రదర్శనలు. నాలుగుసార్లు ప్రపంచ విజేత బ్రయాన్ షా యూట్యూబ్ చానల్ కట్టుకున్నాడు, సొంత పోటీ పెట్టాడు. పోటీలో వచ్చే ప్రైజ్ మనీ ఒక్కదాని మీద ఇల్లు గడిచేవాళ్లు ప్రపంచం మొత్తం మీద బహుకొద్దిమంది. మిగిలినవాళ్లకు పగలు ఇంకో పని ఉంటుంది. 2025లో తొలిసారి బరిలో దిగి ప్రపంచ విజేత అయిన దక్షిణాఫ్రికా ఆటగాడు రేనో నెల్ ఎలక్ట్రికల్ ఇంజినీర్.

ఇదంతా హైదరాబాద్‌కు తెచ్చి చూస్తే ఎలా ఉంటుంది?

ముందు ఒక మాట చెప్పుకోవాలి. మలక్‌పేట మార్కెట్‌లో, బేగంబజార్‌లో తెల్లవారి నుంచి బస్తాలు మోసే హమాలీలు ఈ నగరంలో అందరికంటే ఎక్కువ బరువు కదిలించే మనుషులు. వాళ్లకు బస్తాకింత అని కూలీ. స్ట్రాంగ్‌మ్యాన్ చేసే పని 60 నుంచి 90 సెకన్లలో అయిపోతుంది, హమాలీ పని రోజంతా సాగుతుంది. శరీరాల తయారీ వేరు, అలసట వేరు. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. బరువు మోసినందుకు లోకం ఇచ్చేది తక్కువ, మోస్తుంటే చూసినందుకు ఇచ్చేది ఎక్కువ. స్ట్రాంగ్‌మ్యాన్ ఆ రెండో వైపు చేరడానికి చేసే ప్రయాణమే అతని కెరీర్.

నగరంలో ఆ ప్రయాణం సాధారణంగా జిమ్ నుంచే మొదలవుతుంది. ఎక్కువ జిమ్‌లు కమర్షియల్ కాంప్లెక్సుల పై అంతస్తుల్లో ఉంటాయి. అక్కడ 100 కిలోల గుండు కింద పడేస్తే కింది షాపువాళ్లు పైకొచ్చేస్తారు. కాబట్టి గుండ్లకు, టైర్లకు, యోక్‌కు ఖాళీ స్థలం వెతుక్కోవాలి. సామాను దొరకడం పెద్ద ఇబ్బంది కాదు. బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో గొట్టం తెచ్చిస్తే లాగ్, యోక్ వెల్డింగ్ చేసి ఇస్తారు. ఆటోనగర్‌లో పాత లారీ టైర్లు దొరుకుతాయి. కాంక్రీటు గుండుకు అచ్చు ఉంటే చాలు. వీటికంటే ఇబ్బంది పెట్టేది ఎండ. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో 130 కిలోల ఒళ్లు వేడిని బయటకు పంపలేక సతమతమవుతుంది. తాలింఖానా వస్తాదులు సూర్యోదయానికి ముందే సాధన ముగించమనడం వెనుక ఉన్న తెలివి ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

తర్వాత జీతం. కుర్రాడు జిమ్‌లో పర్సనల్ ట్రైనర్ అవుతాడు. లేదా పబ్బుల దగ్గర, పెళ్లిళ్లలో, సినిమా ఈవెంట్లలో బౌన్సర్‌గా వెళ్తాడు. బౌన్సర్ పని అర్ధరాత్రి దాటేదాకా సాగుతుంది. కండ పెరిగేది నిద్రలో. పొద్దున సాధన, రాత్రి డ్యూటీ ఉన్నవాడికి గాయం ఎప్పుడు తగులుతుందా అన్నదే మిగిలిన ప్రశ్న. ఈ నగరంలో ఆగిపోయిన కెరీర్లకు బలం చాలకపోవడం కంటే నిద్ర చాలకపోవడమే పెద్ద కారణమని నమ్మడానికి ఆధారాల కోసం దూరం వెళ్లక్కర్లేదు, వాళ్ల డ్యూటీ వేళలు చూస్తే చాలు.

ప్రభుత్వం సంగతి సూటిగా చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆమెకు ఫుడ్ కార్పొరేషన్‌లో ఉద్యోగం వచ్చింది, క్రీడా పురస్కారాలు వచ్చాయి, వెనుక ఒక వ్యవస్థ ఉంది. అది ఒలింపిక్ క్రీడ కాబట్టి. కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా జాబితాలో పవర్‌లిఫ్టింగ్, బాడీబిల్డింగ్ కూడా ఉన్నాయి. స్ట్రాంగ్‌మ్యాన్‌కు అందులో చోటు లేదు. 2007లో ప్రపంచ పోటీలో మనోజ్ చోప్రా భారత్ తరఫున దిగాడంటే అది సొంత పూనికే తప్ప వ్యవస్థ పంపించడం కాదు. కాబట్టి ఇరవై ఏళ్ల వయసులో ఈ ఆట మీద మనసుపడ్డ వ్యక్తి ముందుగా గుర్తింపు ఉన్న సమాఖ్యలో పవర్‌లిఫ్టింగో, వెయిట్‌లిఫ్టింగో ఆడి సర్టిఫికెట్ చేతిలో పెట్టుకోవడం తెలివైన పని. బరువు భుజాల మీద పెట్టుకుని గొంతుక్కూర్చుని లేచే స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ బలం ఎటూ రెండు చోట్లా పనికొస్తుంది. రైల్వేలోనో, పోలీసులోనో ఉద్యోగం వస్తే అదే అతని సంస్థానం.

బరువు విభాగం ఎంచుకోవడంలో జరిగే పొరపాటు ఇంకా ఖరీదైనది. టీవీలో కనిపించేది 150 నుంచి 200 కిలోల మనుషులు. కానీ 105 కిలోల లోపు, 90 లోపు విభాగాలు కూడా అంతర్జాతీయంగా ఉన్నాయి. దక్షిణాసియా వాళ్లకు తక్కువ బరువులోనే షుగరు, గుండె జబ్బుల ముప్పు మొదలవుతుందని వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. అందుకే మనకు ఎత్తుకు తగ్గ బరువును కొలిచే బీఎంఐ 23 దాటగానే జాగ్రత్త అంటారు. 1.85 మీటర్ల మనిషి 140 కిలోలకు చేరితే బీఎంఐ 41. అందులో సగం కండే అయినా గుండె, కీళ్లు మొత్తం బరువునూ మోస్తాయి. పాలసీ ఇచ్చే ఇన్సూరెన్స్ కంపెనీ కూడా ఆ అంకెనే చూస్తుంది. పోటీలో బైసెప్ స్నాయువు తెగితే ఆపరేషన్ ఖర్చు ఎవరిదన్నది పాలసీ కాగితాల్లో ముందే చదువుకోవాల్సిన విషయం. మన కుర్రాళ్లలో అత్యధికులకు 105 కిలోల లోపు విభాగమే సరైన దారి. బరువు పరిమితి లేని ఓపెన్ విభాగం కోసం ఒళ్లు పెంచడం లాభం లేని పందెం.

ఈ భయం ఊహ కాదు. నాలుగుసార్లు ప్రపంచ విజేత, ఐస్‌లాండ్ వీరుడు యోన్ పౌల్ సిగ్మార్సన్ 1993లో తన జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ చేస్తూ కుప్పకూలి చనిపోయాడు. అప్పటికి వయసు 32. 2005లో రన్నరప్ జెస్సీ మరుండే 2007లో 27 ఏళ్లకే గుండె సమస్యతో పోయాడు. అమెరికన్ మైక్ జెన్కిన్స్ 2013లో 31 ఏళ్లకు. ఒక్కొక్కరి కారణాలు వేరు. కొన్ని పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు, సాధన వల్ల బయటపడ్డవి. దానికి తోడు ఒలింపిక్ క్రీడల్లో ఉన్నంత కఠినమైన డోపింగ్ పరీక్షలు ఈ ఆటలో లేవు. ఎవరు ఏం వాడుతున్నారో తెలియని చోట కొత్తగా వచ్చినవాడు ఎదుటివాడి ఒళ్లు చూసి, జిమ్‌లో ఎవరో చేతిలో పెట్టిన ఇంజెక్షన్ తీసుకుంటాడు. ఎకోకార్డియోగ్రామ్, బీపీ, లిపిడ్ ప్రొఫైల్, గురక ఉంటే నిద్ర పరీక్ష. ఇవి ఏటా చేయించుకోవడానికి బద్ధకించేవాడిని ఏ వస్తాదూ గోదాలోకి దించకూడదు.

ఇంత చెప్పాక ఒక పోషకుడి గురించి చెప్పకుండా ముగించలేం. స్పాన్సర్ వచ్చేదాకా ఐదారేళ్లు హైదరాబాద్ కుర్రాడిని నిలబెట్టేది ఇల్లు. ఉదయం ఐదింటికి ఉడికే గుడ్లు, మధ్యాహ్నం డబ్బాలోకి సర్దే కిలో చికెన్, రాత్రి పదింటికి మళ్లీ అన్నం. వండేది అమ్మో, భార్యో. నెల ఖర్చులో సగం ఒక్కరి కంచంలోకి పోతుంటే చెల్లెలి ఫీజు గురించి ఎవరూ పైకి అనరు. స్పాన్సర్ల పేర్లు చొక్కా మీద ఉంటాయి, ఈ పేర్లు ఎక్కడా ఉండవు. ఆటగాడి లెక్కల పుస్తకం అంటూ ఒకటుంటే మొదటి పేజీలో ఇంటి ఖర్చే రాయాలి.

ముగింపుకు కూడా ప్లాన్ కావాలి. సాధన ఆగినా ఆకలి ఆగదు. ఎడ్డీ హాల్, బ్యోర్న్‌సన్ ఇద్దరూ బాక్సింగ్ కోసం పదుల కిలోలు తగ్గారు. అయిదుసార్లు ప్రపంచ విజేత అయిన పోలండ్ ఆటగాడు మారియుష్ పుద్జియానోవ్‌స్కీ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌కు మారాడు. వాళ్లకు బరువు తగ్గడానికి కొత్త పోటీ, కొత్త సంపాదన తోడయ్యాయి. ఇక్కడ ఆట మానేసిన పహిల్వాన్‌కు అలాంటి తోడు లేదు. 35 దాటాక ఏడాదికి పది కిలోల చొప్పున దిగుతూ, తిండిని నెలనెలా కొంచెం కొంచెంగా కోసుకుంటూ, మోకాళ్లకు నడక అలవాటు చేస్తూ రెండు మూడేళ్లు పడుతుంది. ఆ పని చివరి పోటీ అయ్యాక మొదలుపెడితే ఆలస్యమే. చివరి పోటీకి ముందు ఏడాది నుంచే డాక్టరుతో కూర్చుని, ఇంట్లో వంట కొలత ఎప్పుడు ఎంత తగ్గించాలో రాసుకోవాలి. ఆ కాగితం వంటింటి గోడకు ఉండాలి.